ఇంట్లో అక్రిలిక్ పోరింగ్: రంగు కలపడం నుంచి వార్నిష్ దాకా

అక్రిలిక్ పోరింగ్‌లో కుంచెతో పని ఉండదు. పల్చగా కలిపిన రంగుల్ని కాన్వాస్ మీద పోసి మెల్లగా వంచుతారు. ఆ రంగులే పారుకుంటూ, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ బొమ్మ కడతాయి. చూసేవాళ్లకి ఇదంతా అదృష్టం మీద నడిచే వ్యవహారంలా కనిపిస్తుంది. నా దృష్టిలో అది నిజం కాదు. రంగు ఒకసారి కప్పు దాటాక మన చేతిలో మిగిలేది కొంచెమే కానీ, దాటకముందు మాత్రం దాదాపు అంతా మన చేతిలోనే ఉంటుంది. రంగు చిక్కదనం, ఏ రంగు ఎంత బరువు, కాన్వాస్ ఎంత మట్టంగా ఉంది, గదిలో గాలి ఎలా ఉంది, ఈ నాలుగూ సరిగ్గా చూసుకున్నవాళ్లకి బొమ్మ బాగా రావడం చాలా మామూలు విషయం.

ఆర్ట్ కాలేజీకి వెళ్లకుండా సొంతంగా నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి మొదలు నాకు తెలియదు. గీత సరిగ్గా రాదనే భయం ఉండదు. పైగా రంగు అనే పదార్థం ఎలా ప్రవర్తిస్తుందో ఇందులో తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు.

ఏమేం కావాలి

అక్రిలిక్ రంగులు మీ ఊళ్లో స్టేషనరీ షాపులో దొరికేవే చాలు. క్యామెల్ ట్యూబులు, ఫెవిక్రిల్ సీసాలు రెండూ పనికొస్తాయి. ఒక్క తెలుపు మాత్రం పెద్ద డబ్బా కొనండి, అన్ని రంగులకంటే ముందు అయిపోయేది అదే. 15 మి.లీ. చిన్న సీసాల సెట్టు కొంటే ఒక బొమ్మకే ఖాళీ అవుతుంది, ఖర్చు కూడా ఎక్కువ పడుతుంది.

రెండోది పోరింగ్ మీడియం. అక్రిలిక్ రంగు అంటే నీళ్లలో తేలుతున్న అతి సన్నని ప్లాస్టిక్ రేణువులు, వాటి మధ్య రంగు పొడి. నీళ్లు ఆవిరైనప్పుడు ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారతాయి. రంగు పారాలని ఉత్త నీళ్లే కలుపుకుంటూ పోతే రేణువులు దూరం దూరం అయిపోతాయి, పొర బలహీనపడుతుంది, ఆరాక వేలితో రుద్దితే పొడి రాలుతుంది. మీడియం అయితే రంగును పల్చన చేస్తూనే ఆ అతుకుదనాన్ని నిలబెడుతుంది. లిక్విటెక్స్, మాంట్ మార్ట్ లాంటి కంపెనీల మీడియంలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. విదేశాల్లో ఉన్నవాళ్లు ఎక్కువగా ఫ్లోట్రాల్ వాడతారు. నిజానికి అది గోడలకు వేసే రంగులో కలపడానికి తయారైన ద్రవం. మన దగ్గర దిగుమతి సరుకు కాబట్టి ధర బాగా ఎక్కువ.

సాధన కోసమైతే ఫెవికాల్ ఎంఆర్ చాలు. రెండు వంతుల ఫెవికాల్‌కి ఒక వంతు నీళ్లు పోసి, తెట్టెలు లేకుండా కలిపితే మీడియంలా పనిచేస్తుంది. కానీ ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఆ జిగురు తేమ తగిలితే మెత్తబడుతుంది, కాలం గడిచేకొద్దీ పసుపు తిరిగే అవకాశం ఉంది. చేతులు అలవాటు పడేదాకా ఫెవికాల్‌తో చేయండి. ఎవరికైనా అమ్మే బొమ్మకో, బహుమతిగా ఇచ్చే బొమ్మకో అసలైన మీడియం వాడండి. డబ్బు తీసుకుని ఇచ్చిన బొమ్మ నాలుగేళ్లకే రంగు మారితే అది కొన్నవాళ్లకు అన్యాయం.

ఇవి కాక కాగితం కప్పులు, ఐస్‌క్రీం పుల్లలు, చేతికి గ్లోవ్స్, నేల మీద పరవడానికి పెద్ద ప్లాస్టిక్ షీట్, కారిన రంగు పట్టడానికి అంచులున్న ట్రే, వడకట్టడానికి పాత టీ జల్లెడ కావాలి. ఆ జల్లెడను మళ్లీ వంటింట్లోకి తీసుకెళ్లొద్దు. ఒక నోట్‌బుక్ కూడా పెట్టుకోండి. ఎందుకో తర్వాత చెప్తాను.

కాన్వాస్, దాని మట్టం

మొదటి బొమ్మలకి 8×8 లేదా 10×12 అంగుళాల కాన్వాస్ తీసుకోండి. చెక్క ఫ్రేముకి బిగించినదైతే వేలితో మధ్యలో కొట్టి చూడండి. వదులుగా ఉంటే రంగంతా మధ్యకి చేరి గుంటలో నిలుస్తుంది. వెనకవైపు కొంచెం నీళ్లు చల్లి ఆరనిస్తే గుడ్డ చాలావరకు బిగుస్తుంది. అట్టకి అంటించిన కాన్వాస్ బోర్డులు చవకే కానీ, ఇంత తడి పడ్డాక వంకర తిరుగుతాయి.

నాకు బాగా నచ్చినది సెరామిక్ టైల్. టైల్స్ షాపులో మిగిలిపోయిన ఒంటి టైల్స్ తక్కువకే ఇస్తారు. వంగదు, గుంట పడదు, బొమ్మ బాగా రాకపోతే తడిగా ఉండగానే గీకేసి మళ్లీ పోసుకోవచ్చు. ముందు సబ్బుతో కడిగి, జిడ్డు పోయేలా తుడిచి వాడండి. ఎండీఎఫ్ చెక్క కూడా మంచిదే. దానికి అన్ని వైపులా, వెనకతో సహా, జెస్సో (రంగుకి ముందు పూసే తెల్లటి పూత) పూయాలి. లేకపోతే నీళ్లు పీల్చి ఉబ్బుతుంది.

ఇక మట్టం సంగతి. రంగు ఆరేదాకా కదులుతూనే ఉంటుంది. మీరు పని ముగించి వెళ్లిపోయిన తర్వాత కూడా గంటల తరబడి పల్లంవైపు జారుతుంది. రాత్రి చూసినప్పుడు చక్కగా ఉన్న బొమ్మ తెల్లారేసరికి ఒక మూలకు సాగిపోయిందంటే కారణం ఇదే. తాపీమేస్త్రీలు వాడే చిన్న స్పిరిట్ లెవెల్ ఒకటి కొనండి. ఫోన్‌లో ఉండే లెవెల్ యాప్ కూడా పర్వాలేదు. కాన్వాస్ నాలుగు మూలల కింద నాలుగు కప్పులు బోర్లించి, దాని మీద పొడవుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి లెవెల్ పెట్టి చూడండి. తక్కువైన వైపు కాగితం మడతలు పెట్టి సరిచేయండి. బొమ్మ ఎక్కడ ఆరబోతుందో ఆ చోటనే ఈ పని చేయాలి, పోసే చోట కాదు. రెండూ ఒకే చోటైతే ఇంకా మంచిది.

రంగు కలపడం: అసలు పనంతా ఇక్కడే

ముందు ఎంత కావాలో లెక్క కట్టండి. చదరపు అంగుళానికి సుమారు ఒకటింపావు మిల్లీలీటర్ల మిశ్రమం సరిపోతుంది, అంచుల మీదుగా కారేదానితో కలిపి. అంటే 10×12 కాన్వాస్‌కి 150 మి.లీ. అందులో ట్యూబు రంగు ఒక వంతు, మీడియం రెండు వంతులు అనుకుంటే, రంగు 50 మి.లీ., మీడియం 100 మి.లీ. ఆ 50లో సగం దాకా తెలుపే ఉంటుంది. సీసాలో వచ్చే పల్చని రంగైతే సమపాళ్లు చాలు.

ఒక్కో రంగుకి ఒక్కో కప్పు. ముందు రంగు వేసి, మీడియం కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి. ఒకేసారి మొత్తం పోస్తే అడుగున రంగు ముద్దలా ఉండిపోతుంది. పుల్లను కప్పు అడుగుకి ఆనించి నెమ్మదిగా తిప్పండి. గబగబా గిలకొడితే గాలి చేరుతుంది, ఆ గాలే తర్వాత బొమ్మ మీద సూదిమొన రంధ్రాలుగా తేలుతుంది. కలిపాక వడకట్టండి. మూత పెట్టి కనీసం గంట, వీలైతే రాత్రంతా వదిలేయండి. ఈ నిరీక్షణకి చాలామందికి ఓపిక ఉండదు. కానీ బుడగలు పోవడానికి ఇంతకు మించిన మందు లేదు.

చిక్కదనం ఎండలో పెట్టిన తేనెలా ఉండాలి. కంటితో తేల్చుకోవడం కష్టం కాబట్టి ఒక పరీక్ష చేయండి. పుల్లను ముంచి ఎత్తి, రంగును అదే కప్పులోకి జారనివ్వండి. ధార తెగకుండా సన్నగా దిగాలి. అది పడినచోట చిన్న గుట్ట లేచి, ఒకటి రెండు సెకన్లలో కలిసిపోవాలి. గుట్ట అలాగే నిలబడితే ఇంకా చిక్కగా ఉన్నట్టు, అర చెంచా నీళ్లు కలిపి మళ్లీ చూడండి. గుట్టే కట్టకుండా ధార నేరుగా లోపలికి దూరిపోతుంటే పల్చబడిపోయినట్టు, కొంచెం రంగు, మీడియం చేర్చండి. నీళ్లు మాత్రం మీరు తీసుకున్న రంగులో పావు వంతు దాటనివ్వకండి.

అన్ని కప్పులూ ఒకే చిక్కదనంలో ఉండటం అన్నిటికంటే ముఖ్యం. ఒక రంగు చిక్కగా, ఇంకొకటి పల్చగా ఉంటే పల్చనిది పరుగెత్తి చిక్కనిదాన్ని చుట్టేస్తుంది, మీరు అనుకున్న గీతలేవీ మిగలవు. కప్పులు వరసగా పెట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటి అదే పరీక్ష చేస్తూ సరిచూసుకోండి. తెలుపు, నలుపు, నీలం ఒకే కొలతలో కలిపినా ఒకేలా రావు. అందుకే కొలత మొదలుపెట్టడానికి మాత్రమే, ఆఖరి తీర్పు ధారదే.

బరువు తెలిస్తే సెల్స్ అర్థమవుతాయి

పోరింగ్ బొమ్మల్లో అందరినీ ఆకట్టుకునేవి సెల్స్. ఒక రంగు మధ్యలోంచి ఇంకో రంగు గుండ్రంగా విచ్చుకుని పైకి వస్తుంది చూడండి, వాటినే అలా అంటారు. సిలికాన్ నూనె వేస్తేనే అవి వస్తాయని చాలామంది అనుకుంటారు. నూనె సాయపడుతుంది కానీ, అసలు సంగతి రంగుల బరువులో ఉంది.

దీని వెనక మంచి కథ ఉంది. మెక్సికో చిత్రకారుడు డేవిడ్ అల్ఫారో సికేరోస్ 1936లో న్యూయార్క్‌లో ఒక ప్రయోగశాల పెట్టి, కార్లకు వేసే లక్కర్ రంగుల్ని ఒకదాని మీద ఒకటి పోసి, అవి వాటంతటవే ఎలా చీలుతున్నాయో గమనించాడు. తర్వాత రంగులు చిలకరించే బొమ్మలతో పేరు పొందిన అమెరికా చిత్రకారుడు, అప్పటికి కుర్రవాడైన జాక్సన్ పొలాక్ కూడా ఆ వర్క్‌షాపులో పనిచేశాడు. సికేరోస్ అదే ఏడాది వేసిన ‘సామూహిక ఆత్మహత్య’ చిత్రంలో ఆ చీలికలు కనిపిస్తాయి. ఆ చిత్రం ఇప్పుడు న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. చాలా ఏళ్ల తర్వాత, 2015లో, మెక్సికో పరిశోధకులు ఆ ప్రయోగాన్ని ల్యాబ్‌లో మళ్లీ చేసి కారణం వివరించారు. బరువైన ద్రవం తేలికైన ద్రవం మీద ఉంటే అది అక్కడ నిలవలేదు. పైది వేళ్లలా కిందికి దిగుతుంది, కిందిది ఆ సందుల్లోంచి పైకి పొంగుతుంది. భౌతికశాస్త్రంలో దీన్ని రేలీ–టేలర్ అస్థిరత అంటారు. మీ కాన్వాస్ మీద సెల్ విచ్చుకుంటున్నప్పుడు ఎక్కువగా జరుగుతున్నది అదే.

ఇక మన పనికి వద్దాం. టైటానియం తెలుపులో ఉండే టైటానియం డయాక్సైడ్ ఘనపు సెంటీమీటరుకి సుమారు 4.2 గ్రాములు. ఎర్రమట్టి, గోధుమ, పసుపుమట్టి రంగుల్లో ఉండే ఐరన్ ఆక్సైడ్లు కూడా బరువైనవే. కార్బన్ నలుపు 1.8 దగ్గర, థాలో నీలం అనే ముదురు నీలం ఇంకా తక్కువ. కాబట్టి నీలం మీద తెలుపు పోస్తే తెలుపు దిగుతుంది, నీలం పైకి లేస్తుంది, సెల్స్ వస్తాయి. తెలుపు మీద నీలం పోస్తే నీలం హాయిగా పైనే కూర్చుంటుంది. మీకు స్పష్టమైన గీతలు కావాలంటే రెండోది, సెల్స్ కావాలంటే మొదటిది.

మంచి కంపెనీల ట్యూబు వెనక ఆ రంగులో ఏ పొడి వాడారో కోడ్ ఉంటుంది. పీడబ్ల్యూ 6 అంటే టైటానియం తెలుపు, పీబీ 15 అంటే థాలో నీలం. నలుపులో చూసుకోండి. పీబీకే 7 అయితే కార్బన్, తేలిక. పీబీకే 11 అయితే ఐరన్ ఆక్సైడ్, బరువు. రెండూ ‘నలుపు’ అనే పేరుతోనే అమ్ముతారు, ప్రవర్తన మాత్రం పూర్తిగా వేరు. కోడ్ లేని రంగులైతే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కలిపిన రంగుల్ని ఒకే గీతదాకా ఒకేలాంటి కప్పుల్లో పోసి వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి. 100 మి.లీ. దాకా పోస్తే తేడా గ్రాముల్లో తెలుస్తుంది. ఆ అంకెల్ని నోట్‌బుక్‌లో బరువు తగ్గే వరసలో రాసుకోండి. ఈ ఒక్క పేజీ మీకు ఏళ్ల తరబడి పనికొస్తుంది.

సిలికాన్ విషయానికొస్తే, ట్రెడ్‌మిల్‌కి వేసే శుద్ధ సిలికాన్ నూనె మంచిది. కుట్టుమిషన్ నూనె వాడకండి, అది ఖనిజతైలం, వేరే సరుకు. 100 మి.లీ. రంగుకి రెండు మూడు చుక్కలు వేసి, పుల్లతో రెండుసార్లు తిప్పి ఆపేయండి. ఎక్కువ కలిపితే నూనె మరీ చిన్న బిందువులుగా చీలి సెల్స్ ఇసుక రేణువుల్లా వస్తాయి. అన్ని రంగుల్లోనూ వేయక్కర్లేదు, ఒకటి రెండింట్లో చాలు. ఫెవికాల్‌తో చేసే సాధన బొమ్మల్లో మాత్రం అసలు వద్దు. ఆరాక నూనెను కడగాలి, ఆ జిగురు కడుగుడుకి తట్టుకోదు. నన్నడిగితే మొదటి కొన్ని బొమ్మలు సిలికాన్ లేకుండా చేయడమే మేలు. బరువు, చిక్కదనం చేసే పని అప్పుడే కళ్లకి కనిపిస్తుంది.

ఏ రంగులు పక్కపక్కన

మూడు రంగులు, ఒక తెలుపు. అంతకు మించి వద్దు. పోరింగ్‌లో రంగులు ఎక్కడో ఒకచోట కలవక తప్పదు, కాబట్టి ఏ రెండు కలిసినా వచ్చే మూడో రంగు కూడా మీకు నచ్చేదై ఉండాలి. నీలం, ఆకుపచ్చ, నెమలికంఠం రంగు ఎలా కలిసినా అందంగానే ఉంటాయి. ఎరుపు, నారింజ, పసుపు కూడా అంతే. ఎరుపు–ఆకుపచ్చ, నారింజ–నీలం, పసుపు–ఊదా ఈ జంటలు కలిస్తే బురద రంగే. వాటిని కలిపి వాడాలని మనసైతే మధ్యలో తెలుపు పొర పెట్టి విడదీయండి. నలుపు ఎప్పుడూ మీరనుకున్నదాంట్లో మూడో వంతే పోయండి, మిగతాదంతా అదే ఆక్రమించుకుంటుంది. బంగారు రంగు ఇందులో బాగా రాణిస్తుంది. దానిలోని మెరుపు రేకులు రంగుతోపాటు పారి సన్నని తీగల్లా సాగుతాయి.

మొదటి బొమ్మ: ఫ్లిప్ కప్

కాన్వాస్ మీద ముందు తెలుపు మిశ్రమం పల్చగా పోసి, పాత ఏటీఎం కార్డుతో అంచులదాకా పరవండి. ఇది దారి లాంటిది, మిగతా రంగులు దీని మీద సాఫీగా జారతాయి. ఇది ఆరకముందే మిగతా పనంతా అయిపోవాలి. కప్పులు, పుల్లలు, ట్రే, తడిగుడ్డ అన్నీ ముందే చేతికందేలా పెట్టుకోండి.

ఇంకో ఖాళీ కప్పు తీసుకుని రంగులు ఒకదాని మీద ఒకటి పోయండి. కప్పు కాస్త వంచి, గోడ వెంట నెమ్మదిగా జారవిడవండి. తెలుపు కొంచెం, నీలం, మళ్లీ తెలుపు, ఆకుపచ్చ, బంగారం, మళ్లీ నీలం. ప్రతి పొర ఒకే మందం ఉండక్కర్లేదు, ఉండకపోతేనే బాగుంటుంది. కప్పు నిండాక పుల్ల పెట్టి కలపొద్దు. ఇలా కలగలుపుగా ఒకే కప్పులో నింపి పోయడాన్నే డర్టీ పోర్ అంటారు.

ఇప్పుడు కాన్వాస్‌ను కప్పు మీద బోర్లించి, ఒక అరచేయి కాన్వాస్ వెనక, ఇంకో చేయి కప్పు అడుగున పెట్టి రెంటినీ కలిపి ఒకేసారి తిప్పేయండి. కప్పు ఇప్పుడు కాన్వాస్ మీద తలకిందులుగా ఉంది. ఒకటి రెండు నిమిషాలు ఆగండి. లోపల బరువైన రంగు కిందికి, తేలికైనది పైకి సర్దుకుంటూ ఉంటాయి. తర్వాత కప్పు నిటారుగా పైకెత్తండి. రంగు గుండ్రంగా విచ్చుకుంటుంది.

వంచడంలోనే చేతి నైపుణ్యం అంతా. ఒక మూలవైపు వంచి, రంగు ఆ అంచు దాటేదాకా వెళ్లనిచ్చి, మళ్లీ మధ్యకి రప్పించాలి. ఆ తర్వాతే రెండో మూల. మధ్యకి తేకుండా ఒక వైపు నుంచి నేరుగా ఇంకో వైపు వంచితే సెల్స్ అన్నీ సాగిపోయి చారలవుతాయి. నాలుగు మూలలూ నిండగానే ఆపేయండి. ఇంకొంచెం వంచితే ఇంకా బాగుంటుందేమో అనిపించడం సహజం, కానీ బాగున్న భాగాలు ట్రేలోకి కారిపోయేది అప్పుడే. పక్క అంచుల మీద రంగు పడని చోట్ల ట్రేలో కారిన రంగు వేలితో తీసి అద్దండి.

తర్వాత బ్యూటేన్ టార్చ్. కేకులు, స్వీట్లు చేసేవాళ్లు వాడే చిన్నది చాలు. రంగుకి జానెడు దూరంలో పట్టుకుని, ఒకచోట ఆపకుండా కదుపుతూ వెళ్తే బుడగలు పగులుతాయి. కిటికీ తెరిచి ఉంచండి, పిల్లల్ని దూరంగా ఉంచండి, పక్కన స్పిరిట్, స్ప్రే డబ్బాలు ఉండకూడదు. టార్చ్ లేకపోతే సూదితో ఒక్కో బుడగ పొడవండి. హెయిర్ డ్రయర్ దీనికి పనికిరాదు. గాలికి రంగు కదిలిపోతుంది, పైన తోలులాంటి పొర కడుతుంది.

ఫ్లిప్ కప్ చేయి తిరిగాక స్వైప్ చేసి చూడండి. కాన్వాస్ మీద రంగుల్ని పట్టీలుగా పోసి, ఒక అంచున తెలుపు గీత పోస్తారు. తడిపి పిండిన టిష్యూ పేపరుతో గానీ, పలచని ప్లాస్టిక్ షీటుతో గానీ ఆ తెలుపును ఒత్తకుండా, తాకీ తాకనట్టు ఈ చివర నుంచి ఆ చివరకి లాగుతారు. బరువైన తెలుపు పల్చని తెరలా పరుచుకుంటుంది, దాన్ని చీల్చుకుంటూ కింది రంగులు లేస్తాయి. మీ బరువుల పట్టిక ఎంత పనికొస్తుందో ఇక్కడ బాగా తెలుస్తుంది. దారాన్ని రంగులో ముంచి సుడిలా పరిచి లాగితే పూరేకులు వస్తాయి. కప్పును చిన్న చిన్న వలయాలుగా తిప్పుతూ పోస్తే చెట్టు మొద్దులో కనిపించే వలయాలు వస్తాయి. ఇవి చూసి నేర్చుకోవడం తేలిక, వీటి గురించి ఎక్కువ చెప్పను.

రంగుల్ని పారనిచ్చి బొమ్మ చేయడం దక్కనుకి కొత్తేమీ కాదు. 17వ శతాబ్దంలో బీజాపూర్ చిత్రకారులు చిక్కటి నీళ్ల మీద రంగులు తేలించి, ఆ సుడులను కాగితం మీదికి తీసి, బక్కచిక్కిన గుర్రాల్ని, రౌతుల్ని ఆ సుడులతోనే నింపారు. వాళ్లు కాగితంలో కొంత భాగానికి రంగు అంటకుండా కప్పి, కావలసిన ఆకారంలోకే సుడుల్ని రానిచ్చారు. మీరూ చేయవచ్చు. ఆరిన పోరింగ్ మీద ఆకారం చుట్టూ ఒకే రంగు పూసేస్తే లోపలి భాగం మాత్రమే సుడులతో మిగులుతుంది. చేప, నెమలి, తామరాకు ఏదైనా సరే. పోరింగ్ దగ్గరే ఆగిపోకుండా దాని మీద మీ గీత పెట్టడానికి ఇది మంచి దారి.

ఆరబెట్టడం

పైన తడి పోవడానికి ఒక రోజు, చేత్తో పట్టుకునేందుకు రెండు మూడు రోజులు, లోపలిదాకా గట్టిపడటానికి కొన్ని వారాలు. తొందరపెట్టొద్దు. ఎండలో పెట్టొద్దు, ఫ్యాన్ కింద పెట్టొద్దు. పై పొర ముందే ఆరి బిగుసుకుంటే, కింద ఇంకా తడిగా ఉన్న రంగు ఆరుతూ ముడుచుకున్నప్పుడు పైది పగులుతుంది. రాయలసీమ, తెలంగాణ వేసవిలో ఈ పగుళ్లు సర్వసాధారణం. ఆ రోజుల్లో చల్లబడ్డాక సాయంత్రం పోసి, మీద అట్టపెట్టె బోర్లించండి, గాలాడటానికి అంచు కింద ఒక పుల్ల పెట్టి. పెట్టె వల్ల ఆరడం నెమ్మదిస్తుంది, దుమ్మూ పడదు. వానాకాలం రాత్రుల్లో లైటు చుట్టూ తిరిగే పురుగులన్నీ తడి రంగు మీదే వాలతాయి, పెట్టె వాటికీ మందే. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమ వల్ల ఒకటి రెండు రోజులు అదనంగా పడుతుంది, దానికి కంగారుపడొద్దు.

చలిదేశాల్లో ఉన్న మనవాళ్లు చాలామంది గరాజ్‌లో చేస్తుంటారు. 10 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉండే చోట అక్రిలిక్ రేణువులు సరిగ్గా అతుక్కోవు. చలికాలంలో బొమ్మని ఇంట్లోకి తెచ్చి ఆరబెట్టండి.

బొమ్మ చెప్పేది చదవడం

ఆరిన బొమ్మలో లోపం కనిపిస్తే కారణం దాని మీదే రాసి ఉంటుంది. మధ్యలోనో అంచునో రంగు మందంగా నిలిచినచోట పగుళ్లుంటే రంగు ఎక్కువ పోశారు, లేదా గాలి తగిలింది. అంతటా సన్నని పగుళ్లుంటే నీళ్లు ఎక్కువయ్యాయి. బూడిదరంగు ముద్దగా కనిపిస్తే అతిగా వంచారు, లేదా ఎదురెదురు రంగులు ఎంచుకున్నారు. సెల్స్ రాలేదంటే మిశ్రమం చిక్కగా ఉంది, లేదా బరువైనది కిందే ఉండిపోయింది. తడిగా ఉన్నప్పుడు మెరిసి, ఆరాక రంగు నీరసపడితే మీడియంతో పోలిస్తే రంగు తక్కువైంది. సూదిమొన గుంటలు బుడగలవి. ఒక వైపు సాగితే మట్టం లేదు.

నోట్‌బుక్ దీనికోసమే. ప్రతి బొమ్మకీ రంగుల పేర్లు, కొలతలు, కప్పులో పోసిన వరస, ఆ రోజు వాతావరణం రాయండి. తడిగా ఉన్నప్పుడు ఒక ఫొటో, ఆరాక ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆరేటప్పుడు ఎంత మారిందో తెలుస్తుంది. సొంతంగా నేర్చుకునేవాళ్లకి పక్కన నిలబడి చెప్పే గురువు ఉండడు. ఆ పని ఈ పుస్తకమే చేస్తుంది.

వార్నిష్, శుభ్రం

రెండు మూడు వారాలు ఆగాక వార్నిష్. సిలికాన్ వాడి ఉంటే ముందు టాల్కం పౌడర్ గానీ మొక్కజొన్న పిండి గానీ చల్లి కొద్దిసేపు ఉంచి, మెత్తటి బ్రష్‌తో దులిపేయండి. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసిన నీళ్లలో మెత్తటి గుడ్డ ముంచి, పిండి, సుతారంగా తుడవండి. మళ్లీ మంచినీళ్ల గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. నూనె మిగిలితే వార్నిష్ అక్కడక్కడా గుండ్రంగా వెనక్కి తగ్గి ఖాళీలు వదులుతుంది. స్పిరిట్‌తో గట్టిగా రుద్దకండి, అది అక్రిలిక్ పొరనే మెత్తబరుస్తుంది. వార్నిష్ ఒక్కసారే మందంగా కాక, పల్చగా రెండుసార్లు వేయండి, రెండోసారి మొదటిదానికి అడ్డంగా. వానపట్టిన రోజున వేస్తే తెల్లటి మసక పట్టవచ్చు, పొడిగా ఉన్న రోజు చూసుకోండి. ఫెవికాల్ బొమ్మలకి స్ప్రే వార్నిష్ నయం.

ట్రేలో మిగిలిన రంగును పారేయకండి. మందపాటి ప్లాస్టిక్ షీట్ మీద పోసి ఆరబెడితే రబ్బరు పొరలా ఊడి వస్తుంది. వాటిని కత్తిరించి బుక్‌మార్కులు, చెవి జుంకీలు, గ్రీటింగ్ కార్డులు చేసేవాళ్లున్నారు. కప్పుల్ని మాత్రం సింక్‌లో కడగొద్దు. అక్రిలిక్ అంటే ప్లాస్టిక్, పైపులో గట్టిపడుతుంది, దాటితే చెరువుల్లోకీ కాలవల్లోకీ చేరుతుంది. కప్పులు అలాగే ఆరనిస్తే లోపలి పొర చాలాసార్లు ఊడి వస్తుంది. పుల్లలు, కార్డులు పాత న్యూస్‌పేపరుతో తుడిచి, ఆ తర్వాత ఒక బకెట్‌లో కడగండి. బకెట్ నీళ్లని ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచితే రంగు చాలావరకు అడుక్కి చేరుతుంది. పైన తేరిన నీళ్లు వంచేసి, అడుగున మిగిలిన ముద్దను న్యూస్‌పేపరు మీద ఆరబెట్టి పొడిచెత్తలో వేయండి.